కదలని తెర, అందని కోణం: ఫిక్స్‌డ్ స్క్రీన్ కెమెరాతో ఫ్రేమ్‌ను చూసే దారులు

కెమెరా వెనుక తెర పైకి లేచేదో, పక్కకు తెరుచుకునేదో అయితే, నేలకు ఆనించి తీసే లో యాంగిల్ ఫొటోకైనా, జనం తలల మీదుగా తీసే టాప్ యాంగిల్ ఫొటోకైనా ఫొటోగ్రాఫర్ తన ఒంటిని వంచనక్కరలేదు, తెరను వంచితే సరిపోతుంది. ఆ సౌకర్యం అన్ని కెమెరాలకూ లేదు. మన దేశంలో చాలామంది మొదటి డీఎస్‌ఎల్‌ఆర్‌గా (లోపలి అద్దం ద్వారా వ్యూఫైండర్‌లో దృశ్యం చూపే కెమెరాగా) కొనుక్కున్న కెనాన్ 1300డీ, 1500డీ, 3000డీ, నికాన్ డీ3400, డీ3500 మోడళ్లన్నింటికీ తెర బాడీలోనే బిగించి ఉంటుంది. చవక మోడళ్లు కాబట్టి అలా చేశారనుకోవడానికి వీలు లేదు. 2016లో వచ్చిన కెనాన్ 5డీ మార్క్ 4కు, 2020లో వచ్చిన నికాన్ డీ6కు, అదే ఏడాది వచ్చిన కెనాన్ 1డీఎక్స్ మార్క్ 3కు కూడా తెర కదలదు. వృత్తి కెమెరాల విషయంలో గట్టిదనం, దుమ్మూ నీరూ చొరకుండా కాపాడుకోవడం కారణాలుగా చెప్పేవారు. 2021లో నికాన్ జడ్9కు వంగే తెర, కెనాన్ ఆర్3కు తిరిగే తెర వచ్చాక ఆ వాదనలో పస తగ్గిపోయింది. అయినా పాత బాడీలు ఇంకా బాగా పనిచేస్తూనే ఉన్నాయి గనుక, తెర ఒక్కటి కదలదని వాటిని పక్కన పెట్టేయడం తెలివైన పని కాదు.

ఇబ్బంది కోణంలో కెమెరా పెట్టినప్పుడు తెర కనిపించకపోవడం వల్ల పోయేది నిజానికి ఒకటి కాదు, మూడు. ఫ్రేమ్‌లో ఏముందో తెలియకపోవడం మొదటిది, ఫోకస్ ఎక్కడ పడిందో తెలియకపోవడం రెండోది, సరైన క్షణంలో షట్టర్ నొక్కే వీలు సన్నగిల్లడం మూడోది. యాంగిల్ ఫైండర్, ఫోన్ యాప్, యూఎస్‌బీ కేబుల్, హెచ్‌డీఎంఐ మానిటర్, చూడకుండా అంచనాతో తీయడం అనే దారుల్లో ఏదీ ఈ మూడింటినీ పూర్తిగా తిరిగి ఇవ్వదు. ఒకటి ఫ్రేమింగ్‌ను చక్కగా ఇచ్చి ఫోకస్ వేగాన్ని తినేస్తుంది. మరొకటి ఫోకస్‌నూ క్షణాన్నీ కాపాడి ఫ్రేమింగ్‌ను అదృష్టానికి వదిలేస్తుంది. అందువల్ల ఏ పరికరం మేలు అని అడిగే ముందు, తీయబోయే ఫొటోలో ఈ మూడింటిలో దేన్ని వదులుకోలేమో తేల్చుకోవాలి.

అసలు బిగించిన తెరనే పక్కనుంచి చూసి సరిపెట్టుకోలేమా అనే ప్రశ్న సహజంగానే వస్తుంది. నికాన్ డీ3500 తెరకు 170 డిగ్రీల వీక్షణ కోణం ఉందని కంపెనీ వివరాల్లోనే ఉంటుంది. కాగితం మీద ఆ సంఖ్య చూస్తే దాదాపు ఎటునుంచైనా చూడవచ్చనిపిస్తుంది. అయితే 170 డిగ్రీలంటే తెరకు నిటారుగా ఉన్న గీతకు ఇటూ అటూ 85 డిగ్రీల చొప్పున అని అర్థం. అంత పక్కనుంచి చూస్తే కాంట్రాస్ట్ బాగా పడిపోయినా చిత్రం ఆనుతుందన్నంత వరకే ఆ హామీ. తెర కొలతలు కుంచించుకుపోవడాన్ని ఆ సంఖ్య అసలు పట్టించుకోదు. కెమెరాను నేలమీద పెట్టి, ఒక మోకాలు ఆనించి వెనుక కూర్చున్న మనిషి కన్ను కెమెరాకు సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తులో, 50 సెంటీమీటర్ల వెనుక ఉందనుకుంటే, అతను తెరను దాదాపు 60 డిగ్రీల వాలు నుంచి చూస్తున్నాడన్నమాట. ఆ వాలులో 4.2 సెంటీమీటర్ల ఎత్తున్న మూడంగుళాల తెర అతని కంటికి సగం ఎత్తే, అంటే సుమారు రెండు సెంటీమీటర్ల పట్టీగానే కనిపిస్తుంది. ఇంకాస్త పైనుంచి, 75 డిగ్రీల వాలులో చూస్తే మిగిలేది నాలుగో వంతు. అడ్డంగా ఉన్న వెడల్పు మారదు, నిలువు మాత్రమే నలుగుతుంది గనుక ముఖాలు చదునై, హొరైజన్ వంపు ఉన్నా లేనట్టు కనిపిస్తుంది.

దీనికి వెలుతురు సమస్య తోడవుతుంది. గాజు పలకను ఎదురుగా చూసినప్పుడు ఒక్కో ఉపరితలం మీద పడ్డ వెలుగులో 4 శాతం దాకా మాత్రమే కంటివైపు తిరిగి వస్తుంది. 60 డిగ్రీల వాలులో అది సుమారు 9 శాతానికి, 75 డిగ్రీల వాలులో దాదాపు 25 శాతానికి పెరుగుతుంది. ఎండలో నిలబడి నేలమీది కెమెరాను పైనుంచి చూస్తే తెరలో దృశ్యం బదులు ఆకాశమే కనిపించడానికి కారణం ఇదే. తెర వెలుతురును మెనూలో పూర్తిగా పెంచితే కొంత మెరుగవుతుంది గానీ, ఎక్స్‌పోజర్‌ను తెరను బట్టి అంచనా వేసే అలవాటు ఉన్నవారు ఆ తర్వాత ఫొటోలన్నీ ఉన్నదానికంటే వెలుగ్గా ఉన్నాయని మోసపోతారు. పోలరైజ్డ్ చలువ కళ్లజోడు పెట్టుకున్నవారికి కొన్ని కోణాల్లో ఎల్‌సీడీ తెర పూర్తిగా నల్లబడిపోతుంది కూడా. తెర పాడైందని కంగారు పడే ముందు కళ్లజోడు తీసి చూడటం మంచిది. మొత్తం మీద వాలు చూపుతో తెర వాడటం నీడలో, ట్రైపాడ్ మీద, కదలని వస్తువులకు మాత్రమే పనికివస్తుంది.

కంటితోనే చూసే పాత దారి

ఈ సమస్య డిజిటల్ తెరలతో పుట్టింది కాదు. రోలైఫ్లెక్స్ వంటి ట్విన్ లెన్స్ కెమెరాల్లో ఫొటోగ్రాఫర్ పైనుంచి తల వంచి గరుకు గాజు మీద పడిన బొమ్మను చూసేవాడు, కాబట్టి నడుము ఎత్తు, నేల ఎత్తు అతనికి సహజమైన కోణాలే. జనం గుమిగూడిన చోట పత్రికా ఫొటోగ్రాఫర్లు అదే కెమెరాను తలకిందులుగా తల మీదికెత్తి, కిందినుంచి ఆ గాజును చూస్తూ తీసేవారు. కంటి ఎత్తు కెమెరాలు వచ్చాక ఈ స్వేచ్ఛ పోకూడదనే 1959 నాటి నికాన్ ఎఫ్ మొదలుకొని 1996 నాటి ఎఫ్5 వరకు ఆ కంపెనీ అగ్రశ్రేణి ఫిల్మ్ కెమెరాలకు వ్యూఫైండర్‌ను ఊడదీసి వేరేది బిగించే ఏర్పాటు ఉంచారు. 2004లో వచ్చిన ఎఫ్6తో ఆ ఏర్పాటు పోయింది. డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌లు దాదాపు అన్నీ ఊడిరాని వ్యూఫైండర్‌తోనే వచ్చాయి. మిగిలిన మార్గం, కన్ను ఆనించే చోటైన ఐపీస్‌కు బయటినుంచి తగిలించే యాంగిల్ ఫైండర్.

యాంగిల్ ఫైండర్ అంటే లోపల పట్టకం, కటకాలు ఉన్న మోచేయి ఆకారపు గొట్టం. ఐపీస్ చుట్టూ ఉన్న రబ్బరు కప్పును తీసి, ఆ గాడిలో దీన్ని దించుతారు. కెమెరా ముందుకు చూస్తుంటే కన్ను పైనుంచి కిందికి చూస్తుంది. బొమ్మ తలకిందులు గానీ, కుడి ఎడమలు తారుమారు గానీ కాకుండా ఉన్నదున్నట్టు కనిపించడం దీని గొప్పతనం. పాత నడుము ఎత్తు ఫైండర్లలో కుడివైపు కదిలే మనిషి ఎడమకు కదిలినట్టు కనిపించి, వెంబడించడం అలవాటు లేనివారికి చుక్కలు చూపించేది. గొట్టం తన చుట్టూ తాను తిరుగుతుంది కాబట్టి కెమెరాను నిలువుగా పట్టుకున్నా కన్ను పైనుంచే చూడవచ్చు. పైకి కిందికి మాత్రమే వంగే తెరలున్న కెమెరాలకు నిలువు ఫ్రేమ్‌లో ఈ సౌలభ్యం ఉండదనే సంగతి చాలామంది గమనించరు.

కెనాన్ తయారుచేసిన యాంగిల్ ఫైండర్ సీలో బొమ్మను 1.25 రెట్లు, 2.5 రెట్లు పెద్దది చేసి చూపే రెండు అమరికలు ఉంటాయి. నికాన్‌లో గుండ్రటి ఐపీస్ ఉన్న డీ700, డీ810 వంటి బాడీలకు డీఆర్-5, దీర్ఘచతురస్రాకార ఐపీస్ ఉన్న డీ3500, డీ7200 వంటి బాడీలకు డీఆర్-6 సరిపోతాయి. ఇవి పొరపాటున మారితే ఎంత నొక్కినా కూర్చోవు. కొత్తవి దొరకడం ఇప్పుడు కష్టమే గానీ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంటాయి. వేర్వేరు బ్రాండ్ల ఐపీస్‌లకు సరిపడే అడాప్టర్లతో చైనాలో తయారైన చవక రకాలూ ఉన్నాయి. చవక రకాల్లో అంచులు మసకగా ఉండటం, కన్ను కాస్త పక్కకు జరిగితే మూలలు నల్లబడటం మామూలు. ఫ్రేమింగ్‌కు అది చాలు, మాన్యువల్ ఫోకస్‌కు చాలదు.

డీఎస్‌ఎల్‌ఆర్ వాడేవారికి ఈ పాతకాలపు గొట్టం ఇప్పటికీ గట్టి పోటీ ఇవ్వడానికి అసలు కారణం ఫోకస్. వ్యూఫైండర్‌లోంచి చూస్తున్నంతసేపూ అద్దం కిందే ఉంటుంది, కెమెరా తన ప్రత్యేక ఫేజ్ డిటెక్షన్ సెన్సార్‌తో ఫోకస్ చేస్తుంది. అదే లైవ్ వ్యూకు, అంటే దృశ్యాన్ని వెనుక తెర మీద చూసే పద్ధతికి మారిస్తే అద్దం పైకి లేచి, ఆ సెన్సార్‌కు వెలుగు అందదు. కెనాన్‌లో 2013 నాటి 70డీతో ఫొటో తీసే సెన్సారే ఫోకస్ కూడా చేసే డ్యూయల్ పిక్సెల్ విధానం వచ్చి లైవ్ వ్యూ ఫోకస్ వేగం పెరిగింది గానీ, 1300డీకీ 1500డీకీ అది లేదు. నికాన్ డీ3400, డీ3500 కూడా కాంట్రాస్ట్‌ను వెతుక్కుంటూ లెన్స్‌ను ముందుకూ వెనక్కూ జరిపే పాత పద్ధతిలోనే లైవ్ వ్యూ ఫోకస్ చేస్తాయి. పాకుతున్న పసిపిల్లను, పూల మొక్క మొదట్లో తిరుగుతున్న తొండను నేల ఎత్తు నుంచి తీయాలంటే ఈ తేడా ఫొటో ఉండటానికీ లేకపోవడానికీ మధ్య ఉన్న తేడా అవుతుంది. బ్యాటరీ లెక్క కూడా ఇటే మొగ్గుతుంది. 1500డీ వాడే ఎల్‌పీ-ఈ10 బ్యాటరీ 860 మిల్లీ ఆంపియర్ అవర్లదే. వ్యూఫైండర్‌తో సుమారు 500 ఫొటోలు ఇస్తుందని ప్రమాణ పరీక్ష చెబుతుంటే, లైవ్ వ్యూలో ఆ సంఖ్య సగం కంటే కిందికి పడిపోతుంది.

దీని లోపాలనూ దాచనక్కరలేదు. ప్రవేశ స్థాయి బాడీల్లో అసలు గాజు పట్టకం బదులు అద్దాల పెట్టె ఉండటం వల్ల వ్యూఫైండర్ మొదటే కాస్త చీకటిగా ఉంటుంది, దానికి ఎఫ్/5.6 కిట్ లెన్స్, ఆపైన బొమ్మను రెండు రెట్లు పెద్దది చేసే అమరిక కలిస్తే సాయంత్రం వేళ కనిపించేది చాలా తక్కువ. బొమ్మను పెద్దది చేసినప్పుడు ఫ్రేమ్ మధ్యభాగమే కనిపిస్తుంది కాబట్టి, ఫోకస్ సరిచూసుకుని మళ్లీ తగ్గించి ఫ్రేమ్ చూసుకోవాలి. పైగా 1500డీ, డీ3500 వ్యూఫైండర్లు అడ్డంగానూ నిలువుగానూ 95 శాతమే చూపిస్తాయి. విస్తీర్ణంలో లెక్కిస్తే దాదాపు పదో వంతు కంటికి కనిపించకుండానే ఫొటోలోకి వస్తుంది. నేల ఎత్తు ఫొటోల్లో అంచున గడ్డి పరక, ఎవరిదో చెప్పు, కెమెరా పట్టీ కొస తరచుగా దూరేది ఈ కనిపించని పదో వంతులోంచే. కళ్లజోడు ఉన్నవారు యాంగిల్ ఫైండర్‌కే ఉన్న డయాప్టర్ చక్రాన్ని (చూపుకు తగ్గట్టు స్పష్టతను సర్దే చక్రాన్ని) సరిచేసుకోవాలి, కెమెరా మీది సర్దుబాటు ఒక్కటే సరిపోదు.

ఇంకో హద్దు కూడా ఉంది. యాంగిల్ ఫైండర్ కన్నును కెమెరా దగ్గరే ఉంచుతుంది. గొట్టాన్ని కిందికి తిప్పి కెమెరాను నుదుటి ఎత్తుకు లేపవచ్చు గానీ, చేతులు చాపి తలకు రెండడుగుల పైన పట్టుకోవాలంటే దీనితో పని జరగదు. అందువల్ల ఇది లో యాంగిల్‌కు, గోడ మూలకు నక్కించిన కెమెరాకు, నిట్టనిలువుగా ఆకాశం వైపో నేల వైపో చూసే కెమెరాకు సంబంధించిన పరిష్కారం మాత్రమే.

చిత్రాన్ని బయటికి తెచ్చే దారులు

తెర కదలకపోతే చిత్రాన్నే మరో తెర మీదికి పంపించడం రెండో ఆలోచన. అందులో అందరి చేతిలో ఉన్నది ఫోన్. కెనాన్ 1300డీ, 1500డీ, 3000డీలలో వైఫై ఉంది. కెమెరాయే చిన్న నెట్‌వర్క్ సృష్టిస్తే ఫోన్ దానికి కలుస్తుంది, కంపెనీ యాప్‌లో లైవ్ వ్యూ కనిపిస్తుంది, కావలసిన చోట వేలితో తాకి ఫోకస్ చేయవచ్చు, ఎక్స్‌పోజర్ కూడా మార్చుకోవచ్చు. 3000డీ విషయంలో ఫోన్ తెర తప్పనిసరి అనే చెప్పవచ్చు, ఎందుకంటే దాని సొంత తెర 2.7 అంగుళాలది, 2 లక్షల 30 వేల చుక్కలదే. ఎదురుగా చూసినా ఫోకస్ తెలియని తెరను పక్కనుంచి చూసి లాభం లేదు.

నికాన్ వైపు కొనుగోలుదారులు పొరబడే చోటు ఒకటుంది. డీ3400, డీ3500 పెట్టెల మీద స్నాప్‌బ్రిడ్జ్ అనే పేరు చూసి ఫోన్‌లో లైవ్ వ్యూ వస్తుందనుకుంటారు. ఈ రెండింటిలో ఉన్నది బ్లూటూత్ మాత్రమే, వైఫై లేదు. బ్లూటూత్ చిన్న ఫొటోలను పంపగలదు గానీ కదిలే దృశ్యాన్ని మోయలేదు. వింతేమిటంటే వాటికంటే పాతవైన డీ3200, డీ3300లకు డబ్ల్యూయూ-1ఏ అనే చిన్న వైఫై ముక్కను తగిలిస్తే ఫోన్‌లో లైవ్ వ్యూ వస్తుంది. కొత్త మోడల్ అంటే అన్ని విధాలా ముందున్నదని అనుకోవడానికి లేదు.

ఫోన్ దారికి ఉన్న అసలు బలం టాప్ యాంగిల్‌లో బయటపడుతుంది. పెళ్లి మండపంలో తలంబ్రాల వేళ చుట్టూ బంధువులు గోడ కట్టినట్టు నిలబడితే, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) చివర కెమెరాను బిగించి పైకెత్తి, ఫోన్‌లో ఫ్రేమ్ చూసుకుంటూ వధూవరుల తలల మీదినుంచి తీయడం మరే పద్ధతిలోనూ ఇంత సులువు కాదు. అయితే చిత్రం ఫోన్‌కు చేరేలోగా కొంత ఆలస్యం ఉంటుంది, షట్టర్ ఆజ్ఞ తిరిగి కెమెరాకు చేరేలోగా ఇంకొంత. తలంబ్రాలు గాలిలో ఉన్న క్షణం ఫోన్‌లో కనిపించిందంటే, అసలు తలంబ్రాలు అప్పటికే ఒడిలో పడిపోయి ఉంటాయి. కాబట్టి ఫోన్‌ను ఫ్రేమ్ కుదుర్చుకోవడానికి వాడి, ఫోకస్‌ను ఒకచోట స్థిరపరచి, కళ్లతో నేరుగా మనుషులను చూస్తూ కాస్త ముందుగానే నొక్కాలి. వీలైతే వరుసగా కొన్ని తీయాలి. ఫంక్షన్ హాల్లో వందలాది ఫోన్లు ఒకే తరంగాల మీద పనిచేస్తుంటే కనెక్షన్ తెగడం కూడా అరుదు కాదు. తెగినప్పుడు తిరిగి కలపడానికి పట్టే సమయంలో ముహూర్తం ఆగదు గనుక, ముఖ్యమైన ఘట్టానికి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

తీగతో కలిపితే ఈ బెంగ తగ్గుతుంది. కెనాన్ బాడీలకు ఈఓఎస్ యుటిలిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ల్యాప్‌టాప్ తెర మీదే లైవ్ వ్యూ చూస్తూ అన్ని సెట్టింగులూ మార్చవచ్చు. నికాన్ సొంత సాఫ్ట్‌వేర్ అయిన కెమెరా కంట్రోల్ ప్రో 2కు డబ్బు చెల్లించాల్సి వచ్చేది. విండోస్ మీద నడిచే ఉచిత డిజీక్యామ్‌కంట్రోల్‌ను చాలామంది బదులుగా వాడుకున్నారు. యూఎస్‌బీ 2.0 తీగ పొడవు ఐదు మీటర్లు దాటకూడదనేది ప్రమాణం, ఆ పొడవు మామూలు గదికి చాలు. నేలమీద పెట్టిన వస్తువునో, పాత పటాన్నో, పళ్లెంలోని వంటకాన్నో నిట్టనిలువుగా పైనుంచి తీసేవారికి ఇంతకంటే నమ్మకమైనది లేదు, ఎందుకంటే అక్కడ క్షణం ముఖ్యం కాదు, అంచులు సమాంతరంగా ఉండటం ముఖ్యం; పెద్ద తెర మీద గీతలు పెట్టుకుని చూస్తే అర డిగ్రీ వంపు కూడా దొరికిపోతుంది. వాకిట్లో వేసిన పెద్ద ముగ్గును నిచ్చెన ఎత్తు నుంచి తీయడానికీ ఇదే వర్తిస్తుంది, కాకపోతే అక్కడ ల్యాప్‌టాప్ కంటే ఫోన్ అనువు. నక్షత్రాలను తీసేవారు కూడా తీగనే ఎక్కువ ఇష్టపడతారు. నడినెత్తి ఆకాశం వైపు చూసే కెమెరా వీపు నేలవైపు ఉంటుంది. ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసి, అది అతి చిన్న చుక్క అయ్యేదాకా ఫోకస్ వలయాన్ని తిప్పడం ట్రైపాడ్ కింద పడుకుని చేసే పని కాదు.

హెచ్‌డీఎంఐ ఫీల్డ్ మానిటర్ వీడియో తీసేవారికి సుపరిచితం. ఐదు అంగుళాల తెర, హాట్ షూ (కెమెరా పైన ఫ్లాష్ తగిలించే గాడి) మీద అన్ని వైపులా తిరిగే గుండ్రటి జాయింట్, ఎన్‌పీ-ఎఫ్ రకం బ్యాటరీ ఉంటే బిగించిన తెర ఉన్న కెమెరా కాస్తా తిరిగే తెర ఉన్న కెమెరా అయిపోతుంది. వైఫైతో పోలిస్తే ఆలస్యం చాలా తక్కువ. దీని ధర బరువు రూపంలో కట్టాలి: మానిటర్, బ్యాటరీ, జాయింట్ కలిసి ప్రవేశ స్థాయి బాడీ మీద కూర్చుంటే కెమెరా తలబరువై, చేతిలో పట్టుకుని నేలదాకా వంగి లేవడం అలసట తెప్పిస్తుంది. కెమెరా వైపు ఉండే మినీ, మైక్రో హెచ్‌డీఎంఐ రంధ్రాలు సున్నితమైనవి; తీగ ఒక్కసారి గట్టిగా లాగబడితే రంధ్రమే వదులైపోతుంది కాబట్టి తీగను బాడీకి కట్టి ఉంచే చిన్న బిగింపు అవసరం. కొనేముందు తమ బాడీ లైవ్ వ్యూను, దానితోపాటు ఫోకస్ గుర్తులను బయటికి పంపుతుందో లేదో ఇంట్లోని టీవీకి కలిపి చూస్తే సంగతి తేలిపోతుంది. డబ్బు ఖర్చు పెట్టేముందు చేయగల అతి చవకైన పరీక్ష అది.

అసలు వ్యూఫైండరే లేని చిన్న కెమెరాల కోసం కొన్ని కంపెనీలు హాట్ షూ మీద తగిలించే ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్లు చేశాయి. 2009 నాటి ఒలింపస్ ఈ-పీ2కు బిగించిన తెర ఉన్నా, దానితోపాటు వచ్చిన వీఎఫ్-2 ఫైండర్ 90 డిగ్రీల వరకు పైకి లేచేది. లైకా ఎం కెమెరాలకు విజోఫ్లెక్స్, సిగ్మా ఎఫ్‌పీకి 2021లో వచ్చిన, కెమెరా పక్కన బిగించే ఈవీఎఫ్-11 కూడా ఇలాంటివే. ఎండలోనూ స్పష్టంగా కనిపించడం, వంద శాతం ఫ్రేమ్ చూపడం, ఫోకస్ దగ్గర పెద్దది చేసి చూపడం అనే మూడూ ఒకేచోట దొరకడం వల్ల సాంకేతికంగా ఇది అన్నింటికంటే మెరుగైన పరిష్కారం. దురదృష్టం ఏమిటంటే ఒక కంపెనీ ఫైండర్ సాధారణంగా మరో కంపెనీ కెమెరాకు పనిచేయదు, డీఎస్‌ఎల్‌ఆర్‌లకు ఆ సంధానమే లేదు.

చూడకుండా తీయడం

పరికరాలేవీ లేకుండా, లెన్స్‌ను అంచనాతో తిప్పి నొక్కడాన్ని గాలిలో రాయి వేయడంగా కొట్టిపారేస్తుంటారు. లెక్క తెలిసినవారి చేతిలో అది అలా ఉండదు. కెనాన్ ప్రవేశ స్థాయి బాడీల సెన్సార్ మీద 18 మి.మీ. దగ్గర, ఎఫ్/8 పెట్టి, సుమారు 2.1 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, మీటరు కాస్త పైనుంచి అనంతం దాకా ఆమోదించదగినంత స్పష్టంగా వస్తుంది. అంటే ఫోకస్ సమస్య ముందే తీరిపోయింది. లైవ్ వ్యూ ఆలస్యమూ లేదు, క్షణం చేతిలోనే ఉంది. మిగిలింది ఫ్రేమింగ్ ఒక్కటే. రికో జీఆర్ కెమెరాల్లో స్నాప్ ఫోకస్ అనే పేరుతో ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, ఐదు మీటర్ల దూరాలను ముందే నిర్ణయించుకునే ఏర్పాటు ఉంది. ఆ కెమెరాల తెర కదలకపోయినా వీధి ఫొటోగ్రాఫర్లు పెద్దగా ఫిర్యాదు చేయకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

కిట్ లెన్స్‌ల మీద దూరం అంకెలు ఉండవు కాబట్టి, రెండు మీటర్ల దూరంలో ఉన్న దేని మీదైనా ఆటోఫోకస్ చేసి, ఆ వెంటనే మాన్యువల్‌కు మార్చుకోవాలి. నికాన్ ఏఎఫ్-పీ 18-55 లెన్స్‌తో ఇక్కడ జాగ్రత్త అవసరం. దాని మీద మాన్యువల్ మీట లేదు, మార్పు కెమెరా మెనూలో చేయాలి. పైగా కెమెరా ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఫోకస్ స్థానం జరిగిపోయే వీలుంది, కాబట్టి తీయడం మొదలుపెట్టే ముందు మళ్లీ కుదుర్చుకోవాలి.

ఫ్రేమింగ్‌లో జరిగే తప్పులకు ఎంత మూల్యం చెల్లించాలో కూడా లెక్క వేయవచ్చు. 24 మెగాపిక్సెళ్ల ఫొటో ఐదు డిగ్రీలు పక్కకు ఒరిగి వచ్చిందనుకుంటే, అదే నిష్పత్తిలో నిటారుగా కత్తిరించాక విస్తీర్ణంలో ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ పోయి, సుమారు 19 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. విషయాన్ని మధ్యలో ఉంచడానికి అన్ని వైపులా చోటు వదిలి, పొడవూ వెడల్పూ 70 శాతానికి కత్తిరించినా పన్నెండుకు కాస్త తక్కువ మెగాపిక్సెళ్లు ఉంటాయి. పత్రికలో పూర్తి పేజీకి అది సరిపోతుంది. కనుక లెన్స్‌ను వీలైనంత వెడల్పుగా ఉంచి, తర్వాత కత్తిరించుకోవడమే సరైన పద్ధతి. కత్తిరింపుతో సరికానిది ఒక్కటుంది. లెన్స్ పైకో కిందికో ఒరిగితే స్తంభాలు, గోడలు ఒకవైపుకు కూలుతున్నట్టు వస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో నిలబెట్టవచ్చు గానీ వెడల్పు లెన్స్‌తో అంచున ఉన్న ముఖాలు సాగిపోతాయి.

వ్యూఫైండర్‌కు కన్ను ఆనించకుండా తీసేటప్పుడు మరో చిన్న సంగతి ఫొటోలను పాడుచేస్తుంది. లైవ్ వ్యూ వేయకుండా చూడకుండా తీస్తే, వెనుకనుంచి సూర్యకాంతి ఐపీస్‌లోంచి లోపలికి దూరి కాంతిని కొలిచే సెన్సార్ మీద పడుతుంది. దృశ్యం ఉన్నదానికంటే వెలుగ్గా ఉందని కెమెరా భ్రమించి ఫొటోను చీకటి చేస్తుంది. ఇందుకోసమే కెనాన్ మెడ పట్టీకి చిన్న రబ్బరు మూత ఇచ్చేది, నికాన్ డీకే-5 అనే మూత ఇచ్చేది. అవి ఏనాడో పోయి ఉంటాయి కాబట్టి నల్ల టేపు ముక్క చాలు, లేదా ఎక్స్‌పోజర్‌ను మాన్యువల్‌లో స్థిరపరచుకోవచ్చు.

కొత్తగా కొనేవారి లెక్క వేరు. 2023లో వచ్చిన కెనాన్ ఆర్100 మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) అయినా దాని తెర కదలదు, వేలితో తాకినా స్పందించదు. దాని ఎలక్ట్రానిక్ ఫైండర్‌కు యాంగిల్ ఫైండర్ తగిలించే గాడి కూడా లేదు. డీఎస్‌ఎల్‌ఆర్ వాడేవారికి ఉన్న మంచి దారి మూసుకుపోయి, ఫోన్, మైక్రో హెచ్‌డీఎంఐ వంటివే మిగులుతాయి. అదే ఖర్చులో సెకండ్ హ్యాండ్‌లో దొరికే 2017 నాటి కెనాన్ 200డీకి పక్కకు తెరుచుకునే తాకు తెర, డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ రెండూ ఉన్నాయి. నికాన్‌లో డీ5600కు కూడా తెర అన్నివైపులా తిరుగుతుంది, వైఫై ఉంది, లైవ్ వ్యూ ఫోకస్ మాత్రం నెమ్మదే. నేల ఎత్తు నుంచో తలల మీదుగానో తీయడం ఎప్పుడో ఒకసారి వచ్చే అవసరమైతే ఉన్న కెమెరాకు చవక యాంగిల్ ఫైండరో ఫోన్ బిగించే క్లిప్పో చాలు. అదే రోజువారీ పని అయితే మానిటర్ మీద పెట్టే డబ్బును బాడీ మార్పిడికి వాడటమే లాభం, ఎందుకంటే ఆ ఖర్చుతో తెరతోపాటు వేగమైన లైవ్ వ్యూ ఫోకస్ కూడా దొరికే అవకాశం ఉంటుంది. మార్చేటప్పుడు తెర వంగుతుందా అని మాత్రమే కాక, కెమెరాను నిలువుగా పట్టుకున్నప్పుడు కూడా కంటివైపు తిరుగుతుందా అని దుకాణంలోనే చేతిలో పట్టుకుని చూడాలి.